కోర్టులో బూట్లు లేని స్వామి

ఖమ్మంలో నేను టెన్నిస్ నేర్పే కోర్టు సిమెంటుది. మే నెలలో పొద్దెక్కితే దానిమీద అరచెయ్యి ఆనించలేం. అలాంటి నేలమీదికి ఒకరోజు నా శిష్యుడొకడు కాషాయం లుంగీతో, ఒట్టి కాళ్లతో వచ్చి నిలబడ్డాడు. పదమూడేళ్లవాడు. ఇన్నేళ్లలో అంత చక్కని బ్యాక్‌హ్యాండ్ నా దగ్గర ఎవరికీ కుదరలేదు. కొత్తగూడెంలో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు దగ్గర పడ్డాయి.

వెనకే తండ్రి. తిరుమలాయపాలెం దగ్గర మిర్చి పండిస్తాడు, ఊళ్లో ఎరువుల దుకాణం నడుపుతాడు. కొడుకు గెలవాలని వాడి చేత హనుమాన్ దీక్ష పట్టించాడు. మెడలో మాల ఉన్నన్నాళ్లూ కాళ్లకు ఏమీ తొడగకూడదు, ఒంటిపూట భోజనం.

"బూట్లేవిరా?" అన్నాను పిల్లవాడితో.

"సారూ, దీక్షల ఉన్నోన్ని రా అనొద్దు. స్వామి అనాలె," అన్నాడు తండ్రి.

"స్వామి కాళ్లీడ్చుకుంట ఆడితే ఏమనాలె?"

"స్వామీ, జర జల్దీ ఉరుకుండ్రి అనాలె. గంత కోపమేంది సారూ?"

తోటి పిల్లలకు పండగయింది. "స్వామీ, బాల్ నెట్‌కు పోయింది స్వామీ!" అని వరసగా కేకలు. వాడు తల వంచుకున్నాడు.

"గెలుపు కావాల్సింది మీకు గదా, మాల మీరే ఎందుకు ఏసుకోలే?" అన్నాను తండ్రితో.

"దుకాణమున్నది గద సారూ."

ఆయన కాళ్లకు మెరిసే తోలు చెప్పులున్నాయి. ఎదిగే పిల్లవాడి నోటికాడి కూడు, పాదాల కింది రక్షణ లాగేసుకుని దానికి భక్తి అని పేరు పెట్టాడు. హేతువాదిగా వేదికలమీద పండితులతో వాదించాను. వాళ్లు కనీసం ఏదో ఒక ప్రమాణం చూపేవాళ్లు. ఈయనకు "మంచే జరుగుతది" అన్న ఒక్క ముక్క చాలు. నేర్పనని బెదిరించాను. ఇంకో కోచ్‌ని చూసుకుంటానన్నాడు. ఆ పిల్లవాణ్ని ఈయనకే పూర్తిగా వదిలేయలేక, సాధన తెల్లవారుజాముకు మార్చాను. అయినా గరుకు సిమెంటు రాసుకుని పాదాలు బొబ్బలెక్కాయి.

పోటీల రోజు రిఫరీ ఒకే మాట చెప్పాడు: బూట్లు లేకపోతే ఆట లేదు. కొడుక్కి మాల వేసిన గురుస్వామికి తండ్రి ఫోన్ మీద ఫోన్ కొట్టాడు. ఎత్తలేదు. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. నా సంచిలో ఉన్నవి గుడ్డ బూట్లు, తోలు లేదు, దోషం అంటదు అని ఒక్క మాట అంటే తండ్రి ఒప్పుకునేవాడే. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే దోషమనేది ఒకటుందని నేనూ ఒప్పుకున్నట్టే. మింగేశాను.

అప్పుడు పిల్లవాడు నోరు తెరిచాడు.

"నాయినా, నేను స్వామినా, కాదా?"

"అయ్యో, గదేం మాట! స్వామివే."

"అయితే స్వామి చెప్తున్నడు. సారు సంచిల నా బూట్లున్నయ్, తియ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. స్వామి ఆజ్ఞకు ఎదురు చెప్పే దారి లేక తండ్రి వంగి సంచి జిప్ లాగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ల నా తర్కానికి కదలని మనిషి, కొడుకు మెడలో పూసలు పలకగానే కదిలాడు.

మొదటి సెట్ వాడు గెలిచాడు. రెండో సెట్‌లో కుడికాలు నేలకు పూర్తిగా ఆనించడం మానేశాడు. బొబ్బలు బూట్ల లోపల చితికిపోయాయి. బ్యాక్‌హ్యాండ్‌కు తిరిగిన ప్రతిసారీ వాడి పెదవి పళ్ల కింద నలిగింది. మూడో సెట్ చూడలేకపోయాను. ఓడిపోయాడు. రాష్ట్ర జట్టులో చోటు కళ్లెదుటే ఎదుటివాడికి పోయింది.

"చూసిండ్రా సారూ?" అన్నాడు తండ్రి, గొంతులో నాపై నింద. "బూట్లు ఏసిండు, ఆట పోయింది. దీక్ష చెడింది."

పిల్లవాణ్ని బెంచీమీద కూర్చోబెట్టి బూట్లు విప్పాను. సాక్స్ రాలేదు, మెల్లగా లాగితే చర్మం కూడా దానితోపాటు వచ్చింది.

"ఇటు రాండ్రి," అన్నాను. "మాటలొద్దు. జర వంగి చూడుండ్రి."

వంగాడు. రెండు చేతులూ ఆ పచ్చిపుండ్లమీద పెట్టి, కళ్లకద్దుకుని, "తప్పయింది స్వామీ, క్షమించుండ్రి," అన్నాడు.

మంటకు పిల్లవాడు కాళ్లు పైకి లాక్కున్నాడు.