పేరు లేని పలక

సోమవారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు రాహేలు తడిగుడ్డ పిండింది. నా పరువు పోవడం అప్పుడే మొదలైంది. పూర్తిగా పోవడానికి గురువారం దాకా పట్టింది.

అది దొరల కాలం. మార్కాపురం పలకల కార్ఖానాలో నా పని పెట్టెల మీద, అవి చేరవలసిన ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో రాయడం. రాహేలు పలకల దుమ్ము తుడిచి, వేలితో కొట్టి మోత విని, బాగున్నవి పెట్టెకు పంపేది. ఆమె అక్కడి మగవాళ్లందరికంటే జానెడు పొడుగు. నేను నడుస్తూ పుస్తకం చదివి రెండుసార్లు రాతిగుంతలో పడ్డవాణ్ణి. పెళ్లిళ్ల బజారులో ఇద్దరమూ పక్కన పడేసిన సరుకే.

ఆ ఆదివారం ఆమెను చూడటానికి గిద్దలూరు నుంచి ఎవరో వస్తున్నారని తెలిసింది. ఈలోగా నా మాట చెప్పాలి. ఎదురుపడితే నాకు నోరు పెగలదు. శంఖంలో పోస్తే గానీ తీర్థం కాదంటారు. పలక మీద రాస్తే గానీ ప్రేమ కాదని నేననుకున్నాను. "నన్ను పెళ్లాడతావా" అని బలపంతో రాసి, ఆమె దొంతరలో పైన పెట్టాను.

తుడిచేసింది.

మంగళవారం అక్షరాలు పెద్దవి చేశాను. తుడిచేసింది. బుధవారం పలక నిండా రాశాను. రెండుసార్లు తుడిచి, మోత విని, పెట్టెకు పంపింది. కాదన్నదో, అసలు చూడలేదో నాకు తేలలేదు. పలకలు తుడవడమే పనిగా ఉన్న మనిషికి పలక మీద రాయడమేమిటని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు.

గురువారం మేకుతో గీశాను, ఇక ఎట్లా తుడుస్తుందో చూద్దామని.

తుడవలేదు. మేస్త్రి ఖాసిం సాయబు చేతికిచ్చింది. ఆయన కళ్లద్దాలు తగిలించుకుని, నలభై మంది ముందు కూడబలుక్కుని చదివాడు.

"ఎవరు గీకినారు దీన్ని? ఎవరికంట?"

చట్రాలు బిగించే ముసలి శాంతమ్మ తలెత్తింది.

"నాకే అయితే మా కోడల్ని అడిగి చెప్తాలే నాయనా."

నవ్వులు ఆగేదాకా పెట్టె చాటున ఉన్నాను. తర్వాత ఎట్లా లేచానో ఇప్పటికీ తెలియదు. "నేనే సాయబూ, రాహేలుకు," అన్నాను.

రాహేలు నావైపు తిరిగింది. "ఏంది దావీదూ, మూడు దినాలుగా చదివి చదివి తుడుస్తా ఉండా. ఎవరు రాసినారో, ఎవరికి రాసినారో. లోకంలో ఉండే ఊళ్ల పేర్లన్నీ రాస్తావు గదా, నీ పేరు రాసుకోడానికి ఏం రోగం?"

"రాసుంటే?"

"తుడుద్దునా?"

సాయబు పలకా మేకూ నా చేతికిచ్చి, పైన ఆమె పేరు, కింద నా పేరు గీయమన్నాడు. వంకరటింకరగా గీశాను. శనివారం రాహేలు వాళ్ల నాయన గిద్దలూరు వాళ్లను రావద్దని కబురు పంపాడు.

బతికున్నన్నాళ్లూ పేర్లు లేకుండా ఒక్క ముక్క రాయనని ఆ రోజే బైబిలు మీద ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తప్పలేదు. "ఉప్పు తెస్తాను" అని వంటింటి పలక మీద రాసినా, పైన రాహేలుకు అనీ కింద దావీదు అనీ ఉండేది. ఆమె చదివి, నవ్వి, తుడిచేది.

చదివి తుడిచే మనిషి లేక, ఆ పలక మీద ఇప్పుడు రాయడం లేదు.