చర్చికి పంపిన సీసా

మా ఊరు తడ. మా చర్చిలో నెలకోసారి అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభుబల్ల జరుగుతుంది. ఆ రసం తీసే పని నాది. నల్లద్రాక్షను ఉడికించి, పిండి, వడగట్టి సీసాకెత్తుతాను. మందు పేరెత్తితేనే మా పాస్టరు అయ్యగారికి మండిపోతుంది.

పోయిన ఏడాది నా స్నేహితురాలు విమల, బెంగళూరు దగ్గర ద్రాక్షతోటల టూరుకు రమ్మని ప్రాణం తీసింది. వైన్ రుచి కూడా చూపిస్తారట. "తోటలు చూసొస్తా, అంతే" అని బయల్దేరాను. ఆ హడావుడిలో ఆసారి ద్రాక్ష ఉడికించలేదు. పచ్చిగానే పిండి, చక్కెర కలిపి, మూత బిగించి, సీసాను ముందుగానే పాస్టరమ్మగారికి ఇచ్చేశాను.

శనివారం తోటలో గైడ్ అందరికీ గ్లాసులు అందించాడు. విమల పోరు పడలేక ఒక్క గుక్క తాగాను.

"ఉడికించని రసాన్ని కొన్నాళ్లు మూసిపెడితే చాలు మేడమ్, అదే పులిసి వైనవుతుంది" అన్నాడతను.

తెల్లారితే ప్రభుబల్ల! సంఘమంతా తాగేది ఆ సీసాలోదే. బయటికి పరిగెత్తి పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను.

"అమ్మగారూ, ఆ సీసా ముట్టుకోబాకండి!"

"ఇంకెక్కడి సీసా ఎస్తేరూ? పొద్దున మూత తిప్పంగానే బుస్సున పొంగింది. పారబోసి, వేరే ద్రాక్ష తెచ్చి ఉడకబెట్టినాను."

అమ్మయ్య అనుకుంటూ మెట్ల మీద కూలబడ్డాను.

"ఇంతకీ అది పులిసిందని అంత దూరంలో ఉండే నీకెట్ట తెలిసిందే?"

అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె గొంతు బాగా తగ్గించి అడిగారు.

"అయ్యగారితో చెప్పబాకు గానీ, ఎట్టుంటాది రుచి?"