వయ్యారిభామ చీటీలు

"అబద్ధానికి కూడా డబ్బులిస్తారా మీరు?" అని ఇస్త్రీ బండి అతను ఓసారి మొహం మీదే అడిగాడు.

"ఇస్తాను. చెప్పు," అన్నారు చీటీల మాస్టారు, కలం మూత తీస్తూ.

మాస్టారికున్న పిచ్చి ఒకటే. ఎవరు కనిపించినా "వయ్యారిభామకు ఆ పేరెలా వచ్చింది?" అని అడగడం. జవాబు చెప్పినవాళ్లకు టీ డబ్బులు. ఒళ్లంతా దురద పుట్టించే కలుపుమొక్కకు అంత సొగసైన పేరేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. పన్ను పీకించుకుంటూ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న మాత్రం కాదు.

కాలేజీ వృక్షశాస్త్ర శాఖలో ముప్ఫయ్యేళ్లు ఎండు మొక్కలకు పేర్ల చీటీలు రాసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఒంటిగదిలో అవే చీటీల మీద వీధివాళ్ల కథలు రాసి గోడకు అంటించేవారు. ఆ గోడకు సున్నం అవసరం తీరిపోయింది. ఇస్త్రీ అతనొక్కడే పదకొండు కథలు అమ్మాడు. పక్కగదిలో రెండేళ్లుగా ఒక్కణ్ణే ఉంటున్న నేను ఒక్కటీ చెప్పలేదు. చదువుకున్నవాణ్ణి, ఊరికే అబద్ధాలాడను.

లొంగని మరో మనిషి మా వాచ్‌మన్. భార్య పోయాక ఉలకడు, పలకడు. "గేటు దగ్గర ఎవరని అడగనివాడు నాకెందుకు? నెలాఖరుకు మాన్పించేస్తా," అంది మా ఇంటి ఓనరావిడ. మాస్టారు రోజూ పొద్దున్నే దిగివెళ్లి అదే ప్రశ్న అడిగేవారు. ఇరవై ఆరో రోజున జవాబొచ్చింది.

"మా ఆవిడ పెట్టిందండీ ఆ పేరు."

"ఎప్పుడు?"

"పెళ్లయిన కొత్తలో. కలుపు పీకుతూ, నాకంటే ఇదే వయ్యారంగా ఊగుతోందయ్యా, అంది."

గంటసేపు మాట్లాడాడు. మూడు చీటీలు నిండాయి. ఆ సాయంత్రం గేటు దగ్గర ఓనరావిడనే ఆపి, "ఎవరు కావాలండీ?" అని అడిగాడు. ఉద్యోగం నిలిచింది.

"అది నిజం కాదని మీకు తెలుసుగా?" అన్నాను మాస్టారితో.

"గాలికి ఊగుతుంది కనక ఆ పేరంటారు. అంతే. నాకెప్పుడో తెలుసు."

"మరి ఈ తద్దినమెందుకు?"

"బాగున్నావా అని అడిగితే బాగున్నానంటారు. మాట అక్కడితో సరి. రిటైరయ్యాక నన్నూ అందరూ అదే అడిగారు."

ఇదేదో సేవ అనబోతే చెయ్యి అడ్డుపెట్టి, కొత్త చీటీ తీశారు. "ఇంతకీ మీరు చెప్పండి. ఆ పేరెలా వచ్చింది?"

నేను మొదలుపెట్టాను. ముగించేసరికి వీధిదీపాలు వెలిగాయి. మాస్టారు జేబులు తడుముకుని, చిల్లర లేదన్నారు.

ఆ టీ డబ్బులు ఇంకా బాకీనే.