విమానం కింద బాబాగాడి

బొంబైల ఉండాల్సినోడు మెదక్ల చాయ్ తాగుతుండేందని అట్ల గుడ్లప్పగించి చూడకుండ్రి! చెప్త. నవ్వినోడే అందరికీ చాయ్ తాపియ్యాలె.

మా బామ్మర్ది బొంబైల ఇల్లు కట్టిండు. "బావా, విమానంల రా" అని టికెట్లు పంపిండు. నేను ఆగుతనా? ఊరంత చాటింపేసిన! నా పెండ్లాం లక్ష్మి సంకల పోరడు ఉన్నడు గదా, ఆడికోసం దర్జీ రహీం భాయ్ తాన బాబాగాడి అడుక్కొచ్చిన. చక్రాలు, పైన గొడుగు, మస్తుంటది పిల్లల బండి. ఊర్లె అసుంటిది అదొక్కటే. ఆయన బేగం ఇయ్యలేక ఇయ్యలేక ఇచ్చింది. "అన్నా, దానిమీద గీత పడ్డదా, మా గడప తొక్కకు!" అన్నది. అప్పటిసంది పోరనికంటె బండి మీదనే నా పానం.

నిన్న ఎయిర్‌పోర్టుల కౌంటర్ కాడ ఒకాయన, కోస్తా దిక్కు మనిషి, "బిడ్డ ఒళ్లో, బండి కింద" అన్నడు.

"బిడ్డ కాదు సార్, కొడుకు" అన్న. మా దిక్కు బిడ్డంటె ఆడపిల్లనే గదా!

ఆయన నన్ను ఎగాదిగ చూసి పొమ్మన్నడు. బండెత్తుకొని విమానమెక్కి, సీటు కాడ పెట్టి కూసున్న. ఎయిర్‌హోస్టెస్ వచ్చింది.

"బండి కింద పెట్టాలండీ."

"కిందనే పెట్టిన గదమ్మా!"

"ఇక్కడ కాదండీ, కింద!"

వంగి సీటు కిందికి నూకిన. పట్టలే. కాలుతోని ఇంకింత నూకిన. ముందు సీటాయన "అబ్బా!" అని ఎగిరి లేచిండు. ఆ పిల్ల నెత్తి పట్టుకున్నది.

"విమానం కిందండీ!"

"విమానం కిందనా? మరి ఇది లేసి పోతె బండి ఈడనే ఉంటది గదమ్మా, ఎండల!"

విమానమంత ఒక్కటే నవ్వు! లక్ష్మి నన్ను ఎరుగనట్టు కొంగు మొఖానికి కప్పుకున్నది.

"విమానం కడుపులో సామాన్ల గది ఉంటుందండీ, అందులో పెడతారు" అన్నది ఆ పిల్ల, ఓపిగ్గ.

"అట్లయితే నా కండ్లతోని చూస్త" అని బండి పట్టుకొని దిగిన. నిజమే, కడుపుకు పెద్ద తలుపున్నది! హమాలీ బండిని ఇనుపపెట్టె పక్కన పెట్టిండు. బేగం మొఖం యాదికొచ్చింది.

"భాయ్, గీత పడ్తది, జర అటు జరుపు."

జరిపిండు.

"గొడుగు దిక్కు మెత్తటిదేమన్న పెట్టరాదు?"

"ఏం మనిషివయ్యా!" అనుకుంట బట్టల సంచి అడ్డం పెట్టి తలుపేసిండు. పానం నిమ్మళమైంది. ఖుషీగ తిరిగి చూస్తె... మెట్లు లేవు! గుంజుకపోయిండ్రు! పంకలు గిర్రున తిరుగుతున్నయి.

"ఆపుండ్రి! నేనున్న!" అని ఉరికిన. పోలీసాయన నా రెక్క పట్టి ఎనుకకు గుంజిండు. కిటికీల లక్ష్మి చెయ్యి ఊపుతున్నది. రమ్మంటున్నదో, పొమ్మంటున్నదో ఇప్పటికీ తెల్వదు. బామ్మర్ది వచ్చి ఆమెను, పోరన్ని తీస్కపోయిండట, అదొక్కటి నయం.

నేను బస్సెక్కి మెదక్ల దిగిన. ఎవనికీ కనబడకుండ ఇల్లు చేరుదామనుకుంటె, బస్టాండ్ల ఎదురుంగ రహీం భాయే!

"అరే, బాబాగాడి ఏది?"

"బొంబై పోయింది భాయ్. ఒక్క గీత గుడ పడలే."

"మరి నువ్వు?"

సిగ్గిడిసి అంతా చెప్పిన. పాపం, నవ్వలే. భుజం మీద చెయ్యేసి, "పోనీ తియ్, విమానం ఎట్లున్నది?" అన్నడు.

"కిందికెల్లి చూస్తె మస్తున్నది భాయ్!"