గుడివాడ బస్టాండులో గాభరావారు

మా ఇంట్లో ఎవరు ఏ తప్పు చేసినా, అన్నాలు తినే వేళకి అది గాభరావారు చేసిన తప్పయిపోయేది. గాభరావారంటే మా నాన్న కల్పించిన కుటుంబం. బందరు దగ్గరి గిలకలదిండి రేవులో చిరిగిన వలలు బాగుచేయడం నాన్న పని. పగలంతా వలలు, పొద్దు వాలాక గాభరావారు. ఆ ఇంట్లో నలుగురు: గాభరా అయ్యగారు, గాభరా అమ్మగారు, గాభరా బామ్మ, గాభరా బుడ్డది. నలుగురూ మంచివాళ్ళే. కానీ నలుగురికీ కలిపి బుర్ర ఒక్కటేనట. దాన్ని వంతులవారీగా వాడుకుంటారట. తీరా అవసరం పడ్డప్పుడు అది ఎవరి దగ్గరుందో ఎవరికీ గుర్తుండదట.

ఒకసారి నాన్న గుడివాడలో ఉన్న మా పెద్దమ్మకి పెట్టెలో రొయ్యలు సర్ది బస్సులో పంపాడు. మూత సరిగ్గా బిగించలేదు. దారిలో ఐసు కరిగి ఎవరి చీరో తడిసింది, ఆవిడ కండక్టర్ని కడిగేసిందని కబురొచ్చింది. ఆ సాయంత్రం గాభరావారు ఏకంగా ఒక ఐసు దిమ్మనే గుడివాడ బస్సెక్కించారు. మనిషంత ఉంది, టిక్కెట్టు తియ్యాల్సిందే అన్నాడట కండక్టరు. సరే, తీశారు. పెడన దాటేసరికి దిమ్మ సగానికి చిక్కిపోయింది. "చిన్నపిల్ల అయిపోయిందండీ, ఇప్పుడు అర టిక్కెట్టు చాలు కదండీ!" అని అయ్యగారు తగువేసుకున్నాడు. గుడ్లవల్లేరు వచ్చేసరికి ఒళ్ళో పెట్టుకునేంత అయింది. గుడివాడలో దిగుతూ చూసుకుంటే ఒళ్ళో ఏమీ లేదు. బామ్మ లబోదిబోమంది. "చెప్పకుండా మధ్యలో ఎక్కడ దిగిపోయిందో! కొత్త ఊరు, దారి కూడా తెలీదు దానికి!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నాన్న కథలు నా కోసం చెప్పేవాడనుకునేదాన్ని. సగానికి పైగా ఆ నవ్వు కోసమే చెప్పేవాడని పెద్దయ్యాక తెలిసింది.

గాభరావారంటే మేమేనని నాకు చెప్పుల విషయంలో అర్థమైంది. హంసలదీవి వెళ్ళినప్పుడు కొత్త చెప్పులు ఒడ్డున విప్పి, ఎక్కడ విప్పానో మర్చిపోయాను. తిరుగు ప్రయాణమంతా తన్నులు తప్పవని బిక్కచచ్చి కూర్చున్నాను. ఇంటికొచ్చాక నాన్న నన్నేమీ అనలేదు. గాభరావారు నలుగురూ హంసలదీవి వెళ్ళి, చెప్పులు పోకుండా ఎనిమిదింటినీ ఒకే తాడుకి కట్టారని, కెరటం వచ్చి తాడుతో సహా పట్టుకుపోయిందని చెప్పాడు. "అయ్యగారేమన్నాడో తెలుసా? పోతే పోయాయి గానీ, కలిసి పోయాయి. ఒకదానికొకటి తోడుంటాయి అన్నాడు." నేను నవ్వి, నవ్వుతూనే ఏడ్చేశాను. నాన్న నా కంచంలో ఇంకో చేప ముక్క వేశాడు.

ఇలాంటి ఇంట్లో పుట్టి నాకంత నోరెలా వచ్చిందో తెలియదు. "దీని నోటికి తాళం లేదు" అనేది అమ్మ. నిజమే. ఇప్పటికీ లేదు. కానీ ఒక్కసారి మాత్రం ఉండి ఉంటే బావుండేదనిపిస్తుంది.

అమ్మకి చదువు రాదు. అక్షరాలు దిద్దాల్సిన వయసులో చేపల బుట్ట నెత్తికెత్తుకుంది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక రోజు నా పలక తీసి ఒళ్ళో పెట్టుకుని, "బస్సు బోర్డు చదవడం వస్తే చాలే నాకు" అంది. గుడివాడలో అక్క ఇంటికి వెళ్ళాలన్నా నాన్న వెంట ఉండాలి. లేదా బస్టాండులో పదిమందిని అడగాలి. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎగాదిగా చూస్తారు. ఆ చూపు తప్పించుకోవాలని ఆవిడ కోరిక.

నేను పంతులమ్మనైపోయాను. అబ్బో, నా అధికారం చూడాలి! బెత్తం బదులు చీపురు పుల్ల పట్టుకునేదాన్ని. రెండు నెలల్లో అక్షరాలు, గుణింతాలు అయ్యాయి. వత్తులు మిగిలాయి. ఈలోగా మన ఊరి పేరు నేర్పమని అమ్మ అడిగింది. బం, ద, రు. మూడే అక్షరాలు. పలక నిండా రాయించాను. "అమ్మా, ఇంక ఎవర్నీ అడక్కు. అడిగి తెలుసుకునేదానికి చదువెందుకు? కళ్ళతో చూసి చదవాలి" అని కూడా చెప్పాను. అమ్మ తలూపింది, నా తరగతిలో ఏ పిల్లా ఊపనంత బుద్ధిగా.

ఆ ఏడాది మా బడి వార్షికోత్సవంలో నేను కోలాటంలో ఉన్నాను. అందరికీ ఆకుపచ్చ పరికిణీలు. నాది గుడివాడలో పెద్దమ్మ కుడుతోంది. అది తీసుకురావడానికి అమ్మ పొద్దున్నే నాన్నతో వెళ్ళింది. నాన్న ఆమెని అక్కడ దింపి పనికి వచ్చేశాడు. తిరుగు ప్రయాణం అమ్మ ఒక్కతే, జన్మలో మొదటిసారి. మూడింటికల్లా బడి దగ్గరుంటానంది.

మూడయింది, నాలుగయింది. పరికిణీ లేనిదే కుదరదని టీచరుగారు నన్ను పక్కన నిలబెట్టారు. కోలాటం మొదలైంది, అయిపోయింది కూడా. జనం లేచి వెళ్తుంటే అమ్మ గేటులోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో పరికిణీ పొట్లం, మొహమంతా చెమట.

"బందరు అని రాసున్న బస్సు రాలేదే. ఎంతసేపు చూశానో! మచిలీ అని ఉన్న బస్సులు మాత్రం వరసగా నాలుగు వెళ్ళిపోయాయి. మచిలీ దాకా చదివానే, ప కూడా చదివాను. ఆ తర్వాత ట కింద ఏదో వేలాడుతోంది. అది మన ఊరు కాదేమో అనుకున్నా. చివరికి తెలిసినాయన కనపడి ఎక్కించాడు."

బందరుకి మచిలీపట్నం అనే పేరుందని అమ్మ విననిది కాదు. కండక్టర్లు "బందరు, బందరు" అని గొంతు చించుకుంటూనే ఉండి ఉంటారు. కానీ అమ్మ చెవుల్ని నమ్మలేదు. చూసి చదవాలని పంతులమ్మ చెప్పింది కదా!

ఆ పంతులమ్మ ఏమందంటే, టీచర్ల ముందు, నా స్నేహితురాళ్ళ ముందు, వాళ్ళ అమ్మల ముందు, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట! నీకెందుకమ్మా చదువు?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పొట్లం నా చేతిలో పెట్టింది. ఇంటికి వెళ్ళాక పలకని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, అలమర పై అరలో గిన్నెల వెనక పెట్టేసింది.

ఆ సాయంత్రం కథ లేదు. మర్నాడూ లేదు. నాన్న మామూలుగానే మాట్లాడుతున్నాడు, అమ్మ మామూలుగానే వండుతోంది. గాభరావారు మాత్రం మా ఇంటికి రావడం మానేశారు. తిట్టినా కొట్టినా అంత బాధ ఉండేది కాదేమో. నాలుగో రోజు ఆగలేక నేనే అడిగాను.

"నాన్నా, గాభరావాళ్ళు ఏమయ్యారు?"

"గుడివాడ బస్టాండులోనే ఉన్నారమ్మా" అన్నాడు నాన్న చేప ముల్లు తీస్తూ. "బందరు బస్సు ఇంకా రాలేదంట."

"మరి ఎప్పుడొస్తారు?"

"నాకేం తెలుసు? నువ్వే వెళ్ళి తీసుకురావాలి."

నాకు అన్నం దిగలేదు. ఆ నలుగురూ బస్టాండులో నిలబడి ఉన్నట్టు, బామ్మ కాళ్ళు పీకుతున్నట్టు, బుడ్డదానికి ఆకలేస్తున్నట్టు నిజంగానే కనపడసాగింది.

మర్నాడు సాయంత్రం అమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న బీడీ ముట్టించాడు. నేను గోడకి ఆనుకుని నిలబడి మొదలుపెట్టాను. మా ఇంట్లో గాభరావారి కథ నాన్న కాక ఇంకొకరు చెప్పడం అదే మొదలు.

"గాభరా బుడ్డదానికి తనకి అన్నీ వచ్చని పొగరు. వాళ్ళమ్మకి పలక మీద బందరు అని నేర్పింది. బస్సుల మీద అలా రాయరని దానికి తెలుసు. మచిలీపట్నం అని రాస్తారని తెలుసు."

"మరి అదే నేర్పొచ్చుగా?" అన్నాడు నాన్న.

"దానికే రాదు. బళ్ళో డిక్టేషన్‌లో రెండుసార్లు ఆ ట దగ్గరే తప్పు రాసింది. గోడకుర్చీ వేయించారు. అది వాళ్ళమ్మకి చెప్పలేదు. వత్తులు తర్వాత నేర్పిస్తాలే అని తేలిక మాట నేర్పేసింది. తప్పంతా దానిది. అరిచింది మాత్రం వాళ్ళమ్మ మీద."

"దొంగ పంతులమ్మ" అన్నాడు నాన్న, మెల్లిగా.

చేటలో అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అయితే మరి వాళ్ళు ఇంటికెలా వచ్చారే?" అంది, తలెత్తకుండానే.

అది నేను ఆలోచించుకోలేదు. కథకి చివరుండాలని తట్టనే లేదు. ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వెళ్ళి అమ్మ వీపు మీద పడ్డాను. బియ్యం చెదిరాయి. అమ్మ ఒక చేత్తో బియ్యం దగ్గరికి లాక్కుంటూ, రెండో చెయ్యి వెనక్కి పోనిచ్చి నా తల పట్టుకుంది.

కాసేపటికి అడిగింది. "ఆ ట కింద వేలాడేదాన్ని ఏమంటారే?"

"న వత్తమ్మా."

"పలక తీసుకురా."

"హమ్మయ్య!" అన్నాడు నాన్న బీడీ పడేసి. "బస్సొచ్చింది."

ఆ రోజు న వత్తు మేమిద్దరం కలిసే నేర్చుకున్నాం. నాన్న పక్కన కూర్చుని చూశాడు. ఆయనకీ సరిగ్గా రాదని అప్పుడే బయటపడింది.

నాన్న పోయి రెండేళ్ళయింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. గాభరావారి కథలు ఇప్పుడు మా అమ్మాయికి ఆవిడే చెబుతుంది, బస్టాండు కథ తప్ప. అది చెప్పే హక్కు నాదేనట.

పోయిన నెల పెద్దమ్మని చూడటానికి అమ్మా నేనూ గుడివాడ వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో బస్సు సిద్ధంగా ఉంది. కొత్త బస్సు. నుదుటి మీద ఎర్రటి అక్షరాలు ఒకవైపు నుంచి పుట్టుకొచ్చి రెండోవైపు మాయమైపోయే బోర్డు. ముందు ఇంగ్లీషు వెళ్ళింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని బస్సు ముందు నిలబడింది. తెలుగు మొదలైంది. మ, చి, లీ.

డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి వంగి, "అమ్మా, ఎక్కండి! బందరే ఇది, బందరే!" అని కేకేశాడు. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టేశాను.

అమ్మ కదల్లేదు. చూపు బోర్డు మీంచి తిప్పకుండా చెయ్యి మాత్రం పైకెత్తింది.

"ఉండు నాయనా. ఇంకా ట్నం రాలేదు."

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. ట్నం వచ్చేదాకా అమ్మ పక్కనే నిలబడ్డాను.