రాహుకాలం గడియారం, జీవరాజుకొచ్చిన మాట

ఏవర్రా, ఎవరి పెళ్ళిలో ఎన్ని కూరలు వడ్డించారో గుచ్చిగుచ్చి అడుగుతారు. జీవరాజు ఏమయ్యాడని ఒక్కళ్ళయినా అడిగారా? మీ టీవీలూ మిక్సీలూ అతని చేతిలో పడి బతికినవే. నోళ్ళు మూసుకుని వినండి.

జీవరాజు పదో తరగతి తప్పాడు. రేడియోలు విప్పి పని నేర్చుకున్నాడు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. భీమవరం బస్టాండు దగ్గర నెట్ సెంటర్లన్నీ అతన్నే పిలిచేవి. మొదట పిలిచింది లక్ష్మీదుర్గ. మొగుడు పోయాక ఆరు కంప్యూటర్లు పెట్టుకుని బతుకుతున్న మనిషి. నోరు పెద్దది, మనసు మంచిదే.

రెండువేల తొమ్మిదిలో కాబోలు, ఇంజనీరింగ్ సీట్లకి నెట్‌లో పేర్లు పెట్టుకునే రోజులు. జనం ఫారం అంతా నింపేసి, ఆఖరి బటన్ దగ్గర చెయ్యి వెనక్కి తీసేసేవారు. "దుర్గగారండీ, రాహుకాలం వెళ్ళిందాండీ? వర్జ్యం లేదు కదండీ?" రోజుకి వందసార్లు క్యాలెండర్ చూడలేక ఆమెకి మెడలు లాగేసేవి. ఎవరో చెబితే, బ్రౌజర్లో తగిలించుకునే గడియారం ఒకటి దింపుకుంది. మంచి టైమైతే పచ్చగా, చెడ్డ టైమైతే ఎర్రగా మూలన వెలుగుతుంది. ఆరింటికీ పెట్టేసింది. జనం మురిసిపోయారు.

వారం తిరక్కుండానే కంప్యూటర్లు మూలగడం మొదలెట్టాయి. లోపలి ఫ్యాన్లు ఒకటే హోరు. పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలేది. పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. జీవరాజు వచ్చి దుమ్ము ఊదాడు, ఫ్యాన్లు మార్చాడు. మళ్ళీ అంతే.

"సామాను బాగానే ఉందండి. లోపలేదో ఆగకుండా పనిచేసేస్తోందండి. కొత్తగా ఏమన్నా ఎక్కించారాండి?"

"ఏం లేదు" అంది దుర్గ. అబద్ధమాడాలని కాదు. ఆ కాస్త గడియారం కూడా లెక్కలోకొస్తుందని తట్టలేదంతే.

ఆఖరి తేదీనాడు ఆరూ బిగుసుకుపోయాయి. జనం కేకలు. ఆ ఉక్రోషంలో అందరి ముందూ అనేసింది. "పాత ఫ్యాన్లు తెచ్చి కొత్తవని బిగించావు! దొంగవి నువ్వు!"

జీవరాజు స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి బజారంతా పాకింది. ఒక్క సెంటరూ అతన్ని మళ్ళీ పిలవలేదు. రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసుకోడానికి పోయాడు.

నెల తర్వాత దుర్గ అక్కకూతురు శ్రీసత్య వచ్చింది. రాజమండ్రిలో కంప్యూటర్ చదువు. నాలుగు మీటలు నొక్కి నవ్వింది.

"పిన్నీ, నీ గడియారమే ప్రాణం తీస్తోంది. ఇంతదానికి లోపల ఇంత లావు స్క్రిప్టు లైబ్రరీ, అంటే ప్రోగ్రాముల మూట, పెట్టాడెవడో. ఎన్ని పేజీలు తెరిస్తే అన్నిసార్లూ అదంతా మళ్ళీ ఎక్కుతుంది, సెకను సెకనుకీ లెక్కలేస్తుంది. ప్రాసెసర్ నూటికి నూరూ దీనికే సరి."

గ్లాసుడు పెసలు రుబ్బడానికి రైసుమిల్లు తిప్పినట్టన్నమాట. పిల్ల దాన్ని పీకేసింది. ఫ్యాన్లు నెమ్మదిగా సద్దుమణిగాయి. అవి జీవరాజు బిగించినవే.

దుర్గకి నాలుగు రోజులు అన్నం సయించలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది, అలా అనుకున్నందుకు మళ్ళీ ఏడ్చింది. ఐదోనాడు చెరువుగట్టుకి వెళ్ళింది. జీవరాజు మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాడు.

"తప్పు నాదే జీవరాజూ. నీ సామాను మంచిదే."

"అది నాకు తెలుసు కదండీ" అన్నాడు, మోటారు మీంచి తలెత్తకుండానే. "తెలీనోళ్ళకి చెప్పండి."

చెప్పింది. మిగతా ఏడు సెంటర్లూ ఎక్కి దిగి చెప్పింది. కొందరు నవ్వారు, కొందరు పోనిద్దురూ అన్నారు. బుల్లియ్య అనే ఓనరైతే, "ఏమీ లేకుండానే అంత మాట అనేశారాండీ అప్పుడు?" అనడిగాడు. అప్పటికే అందరికీ వేరేవాళ్ళు కుదిరిపోయారు. దుర్గ మాత్రం ఎన్నోసార్లు కబురు పెట్టింది. "చెరువు దగ్గర పనుందండి" అనేవాడు, ఎప్పుడూ మర్యాదగానే. తిట్టినా బాగుండేది ఆమెకి. ఆ సెంటర్లో అతను మళ్ళీ అడుగుపెట్టలేదు.

ఆ చెరువుల పనిలోనే ఉండిపోయాడు. చనిపోయేనాటికి జీవరాజుకి నలభై ఆరేళ్ళు.