ఢెంకీ తొక్కిన మాస్టరు

మా బాంకుడా జిల్లా బడిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి, అనాదినాథ్ కుండు బెంగాలీ చెప్పేవాడు. ఆదివారం వస్తే సైకిలెక్కి ఊళ్లమీద పడేవాడు, ఆడవాళ్లు వడ్లు దంచుతూ పాడే పాటలు రాసుకోవడానికి.

"ఏం అనాదిబాబూ, ఈ వారం ఎందరు ముసలమ్మలు దొరికారు?" అని ఆటపట్టించేవాళ్లం.

"ఒక్కరూ దొరకలేదు. నోటుపుస్తకం చూసి తలుపులేసుకున్నారు."

చివరికి ఖాంతోమణి అనే ఆవిడ జాలిపడింది. "అడిగితే పాటొస్తుందా బాబూ? కాళ్లాడితే వస్తుంది. చెప్పులిప్పి ఢెంకీ తొక్కు!" అంది. ఆ బరువైన దంపుడు కొయ్యను తొక్కితొక్కి అరికాళ్లు పొక్కి, సోమవారం బడికి కుంటుతూ వచ్చాడు. నాలుగో ఆదివారం ఆవిడ పాడింది.

అలా పద్దెనిమిదేళ్లలో తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో వచ్చిన వరదకు అన్నీ నాని ముద్దయిపోయాయి.

"ఇక వదిలెయ్యండి" అన్నాను.

"మీ పిల్లలు లెక్క తప్పితే ఏం చేస్తారు?"

"మళ్లీ చేయిస్తాను."

"నేనూ మళ్లీ చేస్తాను."

అప్పటికి ఊళ్లలోకి మిల్లులొచ్చాయి. ఢెంకీలు పొయ్యిలోకి పోయాయి. "పాట నాలిక మీదే ఉంది మాస్టరుబాబూ, బయటికి రావట్లేదు" అని ఖాంతోమణి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆయన నెల్లాళ్లు తిరిగి, ఎవరి గొడ్లపాకలోనో చెదలు పట్టిన ఢెంకీ సంపాదించాడు. వడ్రంగి చేత బాగుచేయించి బడి పెరట్లో పాతించాడు.

హెడ్మాస్టరు మండిపడ్డాడు. "ఇది బడా, వడ్ల మిల్లా? తీయించండి!"

"పాటలయ్యాక తీయిస్తానండీ."

"ఎప్పటికవుతాయి?"

"అది మా మాశీని అడగాలి" అన్నాడు, ఖాంతోమణి సొంత పిన్ని అయినట్టు.

ఆడవాళ్లు ఆదివారాలు వచ్చి దంచారు. ఒకరు మరిచిన చోట ఇంకొకరు అందుకున్నారు. నాలుగేళ్లకు పాటలన్నీ తిరిగొచ్చాయి.

కలకత్తా ప్రచురణకర్త ఒకడు, "పాడినవాళ్ల పేర్లెందుకు? మీ పేరు చాలు" అన్నాడు. అనాదిబాబు కాగితాలు సంచిలో పెట్టుకుని రైలెక్కాడు. మరో రెండేళ్లకు, ఆయన రిటైరయ్యాక, మా ఊరి చిన్న ప్రెస్సులోనే పుస్తకం అచ్చయింది. ప్రతి పాట పైనా పాడినావిడ పేరుంది.

మొదటి ప్రతి ఖాంతోమణికి ఇచ్చి, ఆమె వేలు పట్టి పేరు మీద పెట్టాడు. పక్కనే ఉన్నాను నేను.

"ఇంతేనా? చీమంత ఉంది!" అంది. మళ్లీ అనుమానంగా, "మా ఆడపడుచు పేరు కూడా వేశావా?"

"వేశాను మాశీ."

"కొట్టెయ్. దానిది కాకి గొంతు. దాని మీద నేను కట్టిన పాటొకటుంది, ఎవరికీ చెప్పలేదు. రాసుకుంటావా?"

అనాదిబాబు అప్పటికే కలం తీశాడు.